చెరువులో సర్కారు తుమ్మ ఊరికే కొట్టి పట్టుకుపోతామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కనిగిరి_మెట్ట
మాది పాత ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు పల్లె. ఊరి చెరువు లోపలా, కట్ట మీదా, నిండిన నీళ్ళు పొర్లిపోయే కలుజు దాకా ఎటు చూసినా సర్కారు తుమ్మే. తూము దగ్గరికి మనిషి పోవాలంటే ముందు కత్తి పట్టుకుని దారి చేసుకోవాలి. చెరువు పక్కనే మా నాలుగెకరాలు, అదీ బీడు పడి కంపతో నిండిపోయింది. ఇప్పుడు కట్టెల కాంట్రాక్టరు ఒకతను వచ్చి, చెరువులో చెట్లన్నీ ఊరికే కొట్టుకుపోతాను, పంచాయతీకి పైసా ఖర్చు లేదు, గుడికి కూడా ఎంతో కొంత ఇస్తాను అంటున్నాడు. పెద్దవాళ్ళలో చాలామంది సరే అనేశారు. నాకే మనసొప్పడం లేదు. ఇంతకుముందు ఒకసారి ఇలాగే కొట్టించారు, రెండు వానాకాలాలు తిరిగేసరికి మునుపటికన్నా గుబురుగా లేచింది. మరోపక్క గొర్రెలవాళ్ళు అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఈ చెట్టు ఏ ఊళ్ళోనైనా పూర్తిగా పోయిందా? పోతే ఎట్లా పోయింది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాలమూరు_పోరడు
ఒప్పుకోవద్దు. నేల మీదికి కోసుకుపోతే అది తీసెయ్యడం కాదు, చిగురు పెట్టించడం. ఒక్క మొదలు ఉన్నచోట పది కొమ్మలు లేస్తాయి. కాంట్రాక్టరుకి మూడేళ్ళకు మళ్ళీ కోతకు వస్తుంది, అందుకే ఊరికే కొడతానంటున్నాడు.

చిల్లచెట్టు_పల్నాడు
మేం చిల్ల చెట్టు అంటాం. మా ఊళ్ళో దీన్ని చూసి సంతోషించేది పంక్చర్ షాపు అతనొక్కడే.

అనంత_మెట్టపొలం
పూర్తిగా పోయిందా అని అడిగారు కాబట్టి మా పొలం సంగతి చెబుతాను. మాది ఎర్ర నేల, మా నాన్న సేద్యం మానేశాక పదేళ్ళు బీడు. నేను మళ్ళీ సేద్యానికి దిగినప్పుడు మొదటి పని ఈ కంప తీయించడమే.

దీని ప్రాణం కొమ్మల్లో లేదు, లోతు వేర్లలోనూ లేదు. నేలకు సరిగ్గా కిందనే, మొదలూ వేరూ కలిసేచోట బుడిపెలా ఉంటుంది చూడండి, మళ్ళీ చిగుళ్ళు వచ్చేది అక్కడినుంచే. ఆ బుడిపె నేలలో మిగిలితే పైన ఎంత నరికినా, తగలబెట్టినా దండగే. కనీసం జానెడు లోతు నుంచి, పెద్ద చెట్టయితే మూరెడు లోతు నుంచి తెంపి బయట పడేయాలి. అంత లోతున తెగితే అడుగున మిగిలిన వేరు చిగురించదు.

జేసీబీ పెట్టించేటప్పుడు నేల కాస్త తడిగా ఉండేలా చూసుకోండి. నడి ఎండాకాలంలో నేల రాయిలా ఉంటుంది, బకెట్ తగలగానే మొదలు పుటుక్కున విరిగి బుడిపె లోపలే ఉండిపోతుంది. ఎండాకాలంలో ఒక మంచి వాన పడి, చెరువులోకి ఇంకా నీళ్ళు చేరకముందు ఉండే నాలుగు రోజులే సరైన సమయం. డ్రైవరు గంటల లెక్క కోసం తొందరపడతాడు, మనిషి పక్కన నిలబడాలి. నేను ప్రతి గుంతలోకీ దిగి చూశాకే బండిని ముందుకు పోనిచ్చాను.

ఇంతా చేసి ఆ ఏడు భూమిని ఖాళీగా వదిలితే మళ్ళీ మొదటికే వస్తుంది. నేలలో గింజ ఏళ్ళ తరబడి చావదు, వాన పడితే మొలక లేస్తుంది. అందుకే దున్నించి వెంటనే జొన్న చల్లాను, తర్వాతి ఏడు కంది వేశాను. గుంటక తోలినప్పుడల్లా మొలకలు పోయాయి. ఇప్పుడు గట్ల వెంబడి తప్ప లేదు.

కనిగిరి_మెట్ట
అనంత గారూ, చాలా సాయం చేశారు. మరి చెరువులో జొన్న చల్లలేం కదా. అక్కడ మొలకల సంగతేంటి?

అనంత_మెట్టపొలం
నీళ్ళు నిలిచే లోతట్టు భాగంలో మొలకలు చాలామటుకు మునిగి చస్తాయి. ఇబ్బందంతా అంచుల్లోనే. అక్కడ జీలుగ గానీ పిల్లిపెసర గానీ చల్లించండి, మేతకూ పనికొస్తుంది. తీసినచోట ఏదో ఒక పచ్చదనం దీనికన్నా ముందు లేవాలి.

గొర్లకాపరి_కొడుకు
అందరూ తీయమనేవాళ్ళే కనబడుతున్నారు. మాది నల్లగొండ దిక్కు, మా నాయన ఇప్పటికీ మంద కాస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో ఊరవతల మేత ఏముంటుందో ఎవరైనా చూశారా? గడ్డి ఉండదు, చేన్లలో మోళ్ళు కూడా ఉండవు. ఆ రెండు నెలలు మందను బతికించేది ఈ చెట్టు కాయే. పొద్దున్నే చెట్టు కింద రాలిన పసుపు కాయల కోసం గొర్రెలు పరుగెత్తుతాయి. ఒకప్పుడు గైరాన్ భూములు, అంటే ఊరుమ్మడి మేత భూములు ఉండేవి, అవి పట్టాలయ్యాయి, ప్లాట్లయ్యాయి. మిగిలిన చెరువు శిఖంలో ఉన్న తుమ్మ కూడా తీసేస్తే మేం ఎటు పోవాలి? తీయండి, వద్దనను. దాని బదులు ఏం పెడతారో ముందు చెప్పి తీయండి.

పాలమూరు_పోరడు
అన్నా, ఆ గైరాన్‌లో గడ్డి లేకుండా చేసింది కూడా ఈ చెట్టే కదా. దీని కింద గరిక కూడా మొలవదు.

గొర్లకాపరి_కొడుకు
గడ్డి పోయింది దీనివల్ల కొంత, దున్నుకున్నవాళ్ళవల్ల ఎంతో. రెండూ చెప్పాలి.

పశువైద్యం_కర్నూలు
నేను పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను కాబట్టి కాయ గురించి చెప్పాలి. కాయ మంచి మేతే. తీపి ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి. కానీ నెలల తరబడి అదే ముఖ్యమైన మేత అయితే ముప్పు. గొడ్డు నమలలేకపోతుంది, దవడ ఓ పక్కకు వాలిపోతుంది, నోట్లో పెట్టుకున్న మేత జారి కింద పడుతుంది, చొంగ కారుతుంది. కాయలో ఉండే ఒక పదార్థం దవడను కదిలించే నరాలను దెబ్బతీయడంవల్ల ఇలా అవుతుంది. ముదిరితే గొడ్డు ఆకలితోనే చిక్కి చస్తుంది. మేకల్లోనూ వస్తుంది. గొంతువాపు అనుకుని పసరు పోయించుకుని, ఆలస్యంగా మా దగ్గరికి తెచ్చేవాళ్ళు ఎక్కువ. పైగా పచ్చి కాయ, ఎండు కాయ ఒక్కసారిగా బాగా మేస్తే పొట్ట బిగుసుకుంటుంది.

కాయను ఎండబెట్టి, గింజతో సహా మర పట్టించి, దాణాలో ఐదో వంతు దాటకుండా కలిపితే భయం లేదు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. గింజ పిండైపోతుంది, మళ్ళీ మొలవదు. మామూలుగా పశువు కాయ తింటే గింజ అరగదు. పైన ఉండే గట్టి తోలు కడుపులో మెత్తబడి, పేడతో బయటపడేసరికి మొలవడానికి సిద్ధంగా ఉంటుంది. వాన పడ్డాక ఎండిన పేడకడిని కాలితో తిప్పి చూడండి, దాని అడుగు నుంచి నాలుగైదు మొలకలు ఒకేచోట తెల్లటి వేర్లు వదులుతూ కనిపిస్తాయి. నీడా ఎరువూ తేమా అన్నీ అక్కడే దొరుకుతాయి మరి.

అనంత_మెట్టపొలం
ఇది నిజం. మా దగ్గర ఎండాకాలంలో ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద కట్టిస్తాం. కాయల కాలంలో కట్టించిన చేలల్లో మొలకలు ఎక్కువ కనబడతాయి. మంద కట్టించడం మానక్కర్లేదు, తొలి గుంటకకే మొలక పీకేస్తే సరి. వదిలేస్తేనే తంటా.

కడప_పుస్తకాలపురుగు
దీని పుట్టుక గురించి ఎవరూ ఎత్తలేదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల చెట్టు ఇది. 1876లో మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలతో 1877లో మన కడప జిల్లాలో నాటారు. దేశంలో తొలి నాటింపుల్లో అదొకటి. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందని ఆశ. 1876 నుంచి 1878 దాకా మన వైపు ధాత కరువు నడిచిన రోజులు అవి. ఆ ఆశ మాత్రం నెరవేరింది, కట్టె దొరికింది. మన జమ్మిచెట్టుకు ఇది దగ్గరి చుట్టం కూడా. జమ్మి కింద పంట పండుతుంది, దీని కింద పండదు.

చిల్లచెట్టు_పల్నాడు
మా తాత హెలికాప్టర్‌లో గింజలు చల్లారని చెప్పేవాడు.

బొగ్గుబట్టీ_బిడ్డ
ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. మాది నెల్లూరు జిల్లా, యానాదుల ఇల్లు. మా అమ్మానాన్నలు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చి నన్ను చదివించారు. ఇక్కడ అందరూ చెట్టు గురించే మాట్లాడుతున్నారు, దాన్ని కొట్టే మనుషుల గురించి కూడా చెప్పాలనిపించింది.

కట్టెలు ముక్కలు కోసి గుండ్రంగా పేర్చి, పైన ఆకు, ఆ పైన తడి మట్టి మెత్తుతారు. పక్కన చిన్న బెజ్జం వదిలి నిప్పు పెడతారు. పొగ తెల్లగా వస్తుంటే ఇంకా కట్టెలో తడి ఉన్నట్టు. నీలంగా పలచబడితే బొగ్గయినట్టు, వెంటనే బెజ్జాలన్నీ మూసేయాలి. రాత్రిళ్ళు పడుకోవడానికి లేదు, ఎక్కడన్నా మట్టి పగిలి గాలి దూరిందంటే తెల్లారేసరికి బూడిదే. మా అమ్మ బట్టీ చుట్టూ తడి మట్టి ముద్ద పట్టుకుని తిరిగేది. ఆమె అరచేతుల్లో విరిగిన ముళ్ళ మొనలు నల్లటి చుక్కల్లా ఇప్పటికీ ఉన్నాయి.

ఊరు ఊరే పనులకు వలసపోతున్నప్పుడు మాకు పని ఇచ్చింది ఈ చెట్టే. అలాగని మంచి బతుకు కాదు. అడ్వాన్సు తీసుకుని, తీరక, ఇంటిల్లిపాదీ ఒకే మేస్త్రి దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోయిన కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. కాంట్రాక్టరు ఊరికే కొడతానంటే, ఆ ఊరికే అన్నది ఎవరి కూలిలోంచి వస్తుందో కూడా మీ పంచాయతీ అడగాలి.

కనిగిరి_మెట్ట
మీ మాట చదివాక నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. మా ఊళ్ళోనూ కట్టెలు కొట్టే కుటుంబాలు ఉన్నాయి. కాంట్రాక్టరు బయటినుంచి కూలీలను తెస్తానంటున్నాడు, మా వాళ్ళకు ఏమీ రాదు.

హైదరాబాద్_ఇంజనీరు
ఇంత ఆలోచన ఎందుకు? పదిహేను రోజులు రెండు హిటాచీలు పెడితే చెరువు శుభ్రం. కూలీలకు వేరే పని దొరుకుతుంది. ముళ్ళచెట్టు కోసం సెంటిమెంట్ ఏంటి?

బొగ్గుబట్టీ_బిడ్డ
వేరే పని ఏదో ఒకటి పేరు చెప్పండి, మా వాళ్ళకు చెబుతాను.

చెరువుగట్టు
ఇంజనీరు గారూ, కట్ట మీద హిటాచీ పెడితే చెరువే పోతుంది. నేను చిన్న నీటివనరుల పనుల్లో చాలాకాలం ఉన్నాను. తుమ్మ వేరు కట్టలోకి ఎంత లోతు దిగిందో పైకి తెలియదు. మిషన్‌తో లాగితే వేరుతోపాటు కట్ట మట్టి వదులైపోతుంది. పెద్ద చెట్టు కొట్టేసి మొదలు వదిలేసినా ముప్పే, లోపలి వేరు కుళ్ళి బోలు అవుతుంది, నీళ్ళు నిండిన రోజు అక్కడే బుంగ పడుతుంది. అందుకని కట్ట మీద చేతో తవ్వి తీయాలి. చిన్న మొక్కలు ముందు, పెద్దవి ఒక్కొక్కటిగా. తీసిన ప్రతి గుంతలో మంచి బంకమట్టి కొద్దికొద్దిగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఈ పనికి మనుషులే కావాలి. ఊళ్ళోవాళ్ళకు ఉపాధి పనుల కింద పెట్టించండి. తెలంగాణలో మిషన్ కాకతీయ నడిచినప్పుడు కొన్నిచోట్ల ముందు చేసిన పని ఈ కంప తీయడమే. తర్వాత ఏటేటా చూసుకున్న చెరువులు బాగున్నాయి, చూసుకోనివి మళ్ళీ నిండిపోయాయి.

చీరాల_తీరం
సముద్రం పక్కన మాకు మాత్రం ఇది కావాలి. ఉప్పు నేల, ఉప్పు గాలి, సరుగుడు కూడా కొన్నిచోట్ల నిలవదు, ఇది నిలుస్తుంది. తుపాను గాలికి అడ్డు. అన్నిచోట్లా ఒకే మాట చెప్పకండి.

భుజ్_లో_ఉంటున్నా
ఉద్యోగరీత్యా గుజరాత్‌లోని కచ్‌లో ఉంటున్నాను. కనిగిరి గారు అడిగిన ప్రశ్నే ఇక్కడ చాలా పెద్ద ఎత్తున జరిగింది. బన్నీ అని గడ్డి మైదానం ఉంది, గేదెలకు పేరున్న చోటు. రణ్ అనే ఉప్పు ఎడారి ముందుకు రాకుండా 1961 ప్రాంతంలో అటవీ శాఖ సుమారు 31 వేల హెక్టార్లలో ఈ చెట్టు పెట్టించింది. తర్వాత అదే పాకిపోయింది. ఇక్కడివాళ్ళు గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చి తుమ్మ. 2004లో బొగ్గు కాల్చుకోవడానికి అనుమతి ఇచ్చారు, లారీల కొద్దీ బొగ్గు పోయింది. 2008లో మళ్ళీ ఆపేశారు. పైపైన కొట్టినచోట చెట్టు మళ్ళీ లేచింది. వేరుతో తీసి, చుట్టూ గట్టు వేసి, ఒక వానాకాలం పశువులు రాకుండా కాపాడినచోట గడ్డి తిరిగి వచ్చింది. పశువుల కాపరులు ఇప్పుడు తమంతట తామే గుంపుగా కూర్చుని ఏ చోటు తీయాలో, ఏది వదలాలో మాట్లాడుకుంటున్నారు. వదలాల్సినవి కూడా ఉన్నాయి, ఎందుకంటే కొన్ని ఇళ్ళకు బొగ్గే ఆదాయం.

విరుదునగర్_తెలుగు
తమిళనాడులో ఇది కోర్టు దాకా పోయింది. హైకోర్టు మదురై బెంచి ఆదేశాలతో 2017లో రామనాథపురం, విరుదునగర్ జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు తీసేశారు. ఆ ఏడే మద్రాసు నుంచి స్టే వచ్చింది, ముందు అధ్యయనం చేయించి చూడండి అన్నారు. ఆ గొడవలో ఒక పుకారు బాగా తిరిగింది, ఈ చెట్టు గాలిలో తేమ పీల్చేసి వానలు రాకుండా చేస్తుందని. అది నిజం కాదు. వేరు లోతుకు దిగుతుంది, భూగర్భ జలం తాగుతుంది, అంతవరకే. అరిజోనాలో దీని జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున దొరికింది.

హైదరాబాద్_ఇంజనీరు
సరే, కట్ట విషయం ఒప్పుకుంటాను. కానీ మందులు ఉన్నాయి కదా? కొట్టిన వెంటనే మొదలుకు పూయడం?

అనంత_మెట్టపొలం
ఆస్ట్రేలియాలో డీజిల్‌లో కలుపుమందు కలిపి మొదలు చుట్టూ పూస్తారు. మన చెరువులో మాత్రం పెట్టకండి. ఆ నీళ్ళే గొడ్లు తాగుతాయి, చేపలు అందులోనే పెరుగుతాయి.

పశువైద్యం_కర్నూలు
నా మాటా అదే. ఇంకోటి, తీసే పనికి వెళ్ళేవాళ్ళకు గట్టి చెప్పులు ఇప్పించండి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ముందే వేయించండి. ఈ ముల్లు గుచ్చుకుంటే మొన లోపలే విరుగుతుంది, కీలు దగ్గరైతే వాచి రోజుల తరబడి నడవలేరు.

నకురు_నుంచి
కెన్యాలో ఉంటున్నాను. ఇక్కడ బరింగో సరస్సు వైపు ఇల్చామస్ కాపరులు ఈ చెట్టు తెచ్చి నాటించినందుకు ప్రభుత్వం మీద కేసు వేశారు. 2006లో పళ్ళు ఊడిపోయిన మేకను కోర్టుకు తెచ్చి చూపించారు. కర్నూలు డాక్టరు గారు చెప్పినది చదివితే అదే గుర్తొచ్చింది. అక్కడ తీపి కాయ పళ్ళకు అంటుకుని పళ్ళు పాడయ్యాయని వాళ్ళ వాదన.

గొర్లకాపరి_కొడుకు
మర పట్టించే మాట బాగుంది. మా ఊళ్ళో పిండిమర అతను కాయలు వేస్తే బంకలా అంటుకుంటుందని ఒప్పుకోలేదు.

పశువైద్యం_కర్నూలు
నిజమే, తేమ ఉంటే అంటుకుంటుంది. పూర్తిగా ఎండబెట్టి, నడి ఎండలో, కాయ చేత్తో విరిస్తే టక్కున విరిగేటప్పుడు పట్టించాలి. పొద్దున్నే మంచు తగిలిన కాయ పనికిరాదు. పిండిమర వద్దు, దాణా పట్టే సుత్తి మర ఉంటుంది, అది పెట్టించుకోండి. గొర్రెల సొసైటీ తరఫున అడిగితే నలుగురికీ ఒకటి సరిపోతుంది.

కనిగిరి_మెట్ట
నిన్న సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చున్నాం. మీరు చెప్పినవన్నీ ముందు పెట్టాను. కాంట్రాక్టరుకి ఊరికే ఇవ్వకూడదని ఇంచుమించు అందరూ ఒప్పుకున్నారు. బహిరంగ వేలం పెట్టి, పాట డబ్బులోంచే జేసీబీతో వేర్లు తీయించాలని ఒక మాట వచ్చింది. చెరువు లోపల మిషన్, కట్ట మీద మన ఊరి మనుషులు. కొట్టే పనిలో ఊళ్ళో కుటుంబాలనే పెట్టుకోవాలని, కూలి వారం వారం పంచాయతీ ముందే ఇవ్వాలని షరతు రాయమన్నాను. గొర్రెలవాళ్ళు ఎగువ పోరంబోకులో కొంత ముక్క ఇప్పుడే ముట్టుకోవద్దన్నారు, అది వదిలాం. తీసిన అంచుల్లో జీలుగ చల్లి అది లేచేదాకా మందను అటు తోలబోమని వాళ్ళు ఒప్పుకున్నారు. పెద్దాయన ఒకరు మాత్రం గుడి డబ్బు పోతుందని అలిగి వెళ్ళిపోయారు, మళ్ళీ మాట్లాడాలి.

పాలమూరు_పోరడు
కాంట్రాక్టరు దగ్గర డిపాజిట్ పట్టుకోండి. ఒక వానాకాలం గడిచి, మొదళ్ళు చిగురించలేదని చూసుకున్నాకే తిరిగివ్వండి. లేకపోతే ఒక్క వేరూ సరిగా తీయడు.

బొగ్గుబట్టీ_బిడ్డ
షరతులో కొట్టేవాళ్ళ పేర్లు విడివిడిగా రాయించండి, ఆడవాళ్ళవి కూడా. ఇంటికొక మగమనిషి పేరు రాసి మొత్తం కూలి అతని చేతిలో పెడితే సగం ఇల్లు చేరదు. అడ్వాన్సు మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వకండి.

కనిగిరి_మెట్ట
రాయిస్తాను. తీసినచోట్ల కట్ట మీద ఏం పెట్టమంటారు?

చెరువుగట్టు
నీళ్ళ వైపు ఏ పెద్ద చెట్టూ వద్దు, గడ్డి చాలు, గరిక పట్టించండి. కట్ట అడుగున, పొలాల వైపు కాస్త దూరంగా తాడి, కానుగ, వేప పెట్టుకోవచ్చు. ఈ తుమ్మకు నీడ పడదు, వేప నాలుగేళ్ళు ఎదిగి కమ్ముకుంటే దాని కింద లేచే మొలకలు బక్కచిక్కి ఆగిపోతాయి.

ఇంకొక్క మాట, ఇది ఒప్పందంలో తప్పకుండా ఉండాలి. చెరువు లోపల వేర్లు తీసిన గుంతలన్నీ బండి వెళ్ళకముందే పూడ్పించండి. చెరువు నిండాక ఆ గుంతలు పైకి కనబడవు. మోకాటి లోతే కదా అని పిల్లలు దిగుతారు, అడుగు తీసి అడుగు వేస్తే మనిషి లోతు ఉంటుంది. పూడ్చినట్టు సర్పంచ్, వీఆర్‌వో స్వయంగా నడిచి చూసి సంతకం పెట్టాకే ఆఖరి బిల్లు ఇవ్వండి.